పాత కారు – పెట్రోలు పొదుపు

పాన్‌గల్ కోటగుట్ట క్రిందనుండి వనపర్తికిగాని, కొల్లాపురమునకుగాని సాగు బాటలలో పదునైదు, ఇరువది యేండ్లు నిండిన కార్లు నేటికిని కానవచ్చుచుండును. ముసలివారిని ఆసుపత్రికి చేర్చుటకు, పిల్లలను కాలేజీ వసతిగృహమున దింపుటకు, విత్తనపు వేరుసెనగ బస్తాలు తెచ్చుకొనుటకు ఆ యింటికి ఆ బండియే ఆధారము. మారుతి 800 తయారీ 2014 జనవరిలో నిలిచిపోయినది. అంబాసిడరు తయారీయు ఆ యేడే ఆగినది. తయారీ ఆగినంతమాత్రమున బండ్లు ఆగలేదు. కాని పెట్రోలు లీటరు నూరు రూపాయలు దాటిన పిమ్మట, ఇక దీనికి మేత పెట్టలేమని వచ్చిన ధరకు బండిని వదిలించుకొనువారు కొందరు. ఎవరో చెప్పిన చిట్కాను నమ్మి ప్రాణము మీదికి తెచ్చుకొనువారు కొందరు. ఈ రెండును అక్కరలేని పనులే యని మా అభిప్రాయము. పాత బండిలో పెట్రోలు మిగుల్చుటకు దారి కలదు. అది బండి పోవు దారికంటె కొలత పోవు దారి.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు దొరకక, బస్సుల వెనుక బొగ్గు పొయ్యిలు కట్టి ఆ గ్యాసుతో నడిపిన సంగతి పెద్దలవలన వినియున్నాము. మెరక వచ్చినచోట ప్రయాణికులు దిగి తోసిన కథలును కలవు. నేటి కరవు పెట్రోలునకు కాదు, దానిని కొనుటకు కావలసిన రూకలకు. కావున ఆ రూకలు ఎక్కడ కారిపోవుచున్నవో మొదట కనుగొనవలయును.

మీ బండి లీటరుకు ఎంత యిచ్చుచున్నదని అడిగినచో పెక్కురు కొన్ననాటి లెక్కనే చెప్పుదురు. అయిదు వందల రూపాయల పెట్రోలు పోయించి, సూది దిగువరకు నడిపి చూచుట కొలత కానేరదు. పాత బండ్లలో ఆ సూది నిజము పలుకుట అరుదు. బంకులో ట్యాంకు నిండించి, గొట్టము తనంతట తాను ఆగినచోట ఆపి, మీటరులోని కిలోమీటర్ల అంకెను వ్రాసికొనవలయును. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట అదే బంకులో, వీలైనచో అదే పంపు వద్ద, మరల నిండించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగింపవలయును. ఇట్లు మూడు మారులు చేసి సగటు తీసినగాని ఆ లెక్కను నమ్మరాదు. మీటరుమీద అనుమానమున్నచో రోడ్డు ప్రక్కనున్న కిలోమీటరు రాళ్లతో సరిచూచుకొనవచ్చును. చక్రములకు వేరు కొలత టైర్లు వేయించినవారి మీటరు తప్పక తేడా చూపును. ఒక చిన్న నోటుపుస్తకమును, పెన్సిలును బండిలో ఉంచుకొన్నచో చాలును. మెకానిక్కు చేసిన ప్రతి పనికి ముందటి సగటు, తరువాతి సగటు అందులో ఉన్నచో, ఏ మందు పనిచేసినదో, ఏది దండుగయో మీకే తెలియగలదు.

ఈ లెక్కలో ఒక చమత్కారము కలదు. లీటరుకు 10 కిలోమీటర్లిచ్చు బండి 12 ఇచ్చునట్లు చేసినచో, నూరు కిలోమీటర్లకు 10 లీటర్లు త్రాగునది 8.3 లీటర్లతో సరిపెట్టుకొనును. మిగులు 1.7 లీటర్లు. 20 ఇచ్చు బండిని 25కు తెచ్చినను నూరు కిలోమీటర్లకు మిగులునది ఒక్క లీటరే. రెండు కిలోమీటర్ల పెరుగుదల అయిదు కిలోమీటర్ల పెరుగుదలకంటె ఎక్కువ మిగిల్చినదన్నమాట. కనుక ఎక్కువగా త్రాగు పాత బండికే చికిత్సవలన లాభమెక్కువ.

చికిత్స చక్రములనుండి ఆరంభింపవలెనని మేము చెప్పుదుము. ఖర్చు తక్కువ, ఫలము త్వరితము. సమతలమైన రోడ్డుమీద నెమ్మదిగా పోవుచు గేరు తీసి చూడుడు. బండి సాఫీగా జారక ఎవరో వెనుకకు పట్టినట్లు ఆగుచున్నచో బ్రేకులు పట్టియున్నవని అర్థము. వెనుక చక్రమును జాకీతో లేపి చేతితో త్రిప్పినచో సంగతి ఇంకను తేటపడును. తుప్పు పట్టిన హ్యాండుబ్రేకు తీగ పూర్తిగా వదలకపోవుట పాత బండ్లకు సహజమైన జబ్బు. అట్టి బండి ఒక కాలితో నడచుచు రెండవ కాలితో తన్నుకొనుచున్నట్లే. కొంతదూరము పోయివచ్చి నాలుగు చక్రముల దగ్గర చేయి చాపినచో, ఏది మితిమీరి వేడెక్కినదో తెలియును. డ్రమ్మును ముట్టుకొనరాదు సుమా, చేయి కాలును.

టైరు గాలిని తెల్లవారి బండి తీయక పూర్వమే చూడవలయును. రోడ్డుమీద తిరిగి వేడెక్కిన టైరు ఎక్కువ గాలి చూపి మోసగించును. నాలుగు టైర్లలోను ఒక్కొక్క పౌను తగ్గినకొలది నూటికి 0.2 పాలు మైలేజీ తగ్గునని అమెరికా ఇంధనశాఖవారి లెక్క. ఎనిమిది పౌన్లు తగ్గినను పోవునది నూటికి రెండు పాళ్లకు లోపే. చూచుటకు చిన్నదే, కాని దీనికి ఖర్చు లేదు, టైరు మన్నిక అదనపు లాభము.

ఇంజను విషయమున రెండు తరముల బండ్లను వేరుచేసి మాటలాడవలయును. సుమారు 2000 సంవత్సరమునకు ముందటి కార్లలో చాలవరకు కార్బురేటరు ఉండును. తరువాతివానిలో సెన్సార్లు చూచి పెట్రోలును కొలిచి చిమ్ము ఏర్పాటు కలదు. కార్బురేటరు బండికి గాలి ఫిల్టరు దుమ్ముతో మూసికొనిపోయినచో పెట్రోలు పాలు ఎక్కువగును. చోకు తీగ సగములో చిక్కుకొన్నను అంతే. స్పార్కు ప్లగ్గును ఊడదీసి చూచినచో ఇంజను తన జబ్బును తానే చెప్పును: మసిపట్టి నల్లగా ఉన్నచో పెట్రోలు ఎక్కువ, లేత గోధుమరంగు ఆరోగ్యము, తెల్లగా కాలియున్నచో పెట్రోలు మరీ తక్కువ. ఈ మూడవదానిని పొదుపని భ్రమపడి జెట్లను బిగించువారు కలరు. అట్టి ఇంజను వేడెక్కి వాల్వులు కాలిపోవును. మిగిలిన పెట్రోలు ఖరీదు పదింతలుగా మెకానిక్కుకు చెల్లింపవలసివచ్చును.

సెన్సార్ల బండిలో ఫిల్టరు మార్చినంత మాత్రమున మైలేజీ పెద్దగా మారదు. అందు చూడవలసినది డ్యాష్‌బోర్డులో వెలిగియుండు ఇంజను దీపము. ఆ దీపమును చూచి చూచి అలవాటుపడినవారు ఎందరో! పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సారు చెడినచో, దానిని బాగుచేయుటవలన మైలేజీ నూటికి 40 వంతుల వరకును పెరుగవచ్చునని పై శాఖవారే చెప్పుచున్నారు. ఇంజను దీపము వెలుగుచుండగా ఇతర చిట్కాలకై వెదకుట, ఇల్లు కారుచుండగా గోడకు సున్నము వేయుటవంటిది.

మా ఎండల ప్రాంతమున మరియొక దురభ్యాసము కలదు. బండి వేడెక్కుచున్నదనగానే థర్మోస్టాటును పెరికి పారవేయుదురు. ఇంజను తగినంత వేడెక్కువరకు నీటిని రేడియేటరునకు పోనీయక ఆపునది ఆ చిన్న బిళ్లయే. అది లేనిచో, ముఖ్యముగా చలికాలపు ఉదయమున, ఇంజను ఎంతసేపటికిని చల్లగానే ఉండును; సెన్సారు ఇంకను చలియే ననుకొని పెట్రోలును ఎక్కువగా పోయించుచుండును. వేడికి మందు రేడియేటరును కడిగించుట, ఫ్యానును చూపించుట. థర్మోస్టాటును తీసివేయుట కాదు. వనపర్తి సంస్థానపు రాజభవనములో 1959లో పాలిటెక్నిక్ నెలకొన్న ప్రాంతమిది. ఈ చిన్న సంగతి తెలిసిన పనివాడు వెదకినచో దొరకకపోడు.

బండిలో ఏ లోపమును లేకున్నను ఇటీవల మైలేజీ తగ్గినదని అనువారు కలరు. వారి మాట కేవలము అపోహ కాదు. నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకము 2023 ఫిబ్రవరిలో ఆరంభమై, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలులోనిదానికి మూడింట రెండు వంతులు మాత్రమే. పాత కార్లకు నూటికి 6, 7 వంతుల మైలేజీ తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన నివేదికయే తెలిపినది. ఇంతవరకు తగ్గినచో బండిని నిందింపనక్కరలేదు. అంతకు మించినచో లోపము బండిలోనిదే. కార్బురేటరు బండ్లకు ఈ పెట్రోలుతో మిశ్రమము కొంత పలుచనగును గనుక ఒకమారు ట్యూనింగు చేయించుట మంచిది. పాత రబ్బరు గొట్టములను మాత్రము తప్పక చూపించుకొనవలయును. ఇథనాలు తగిలి గట్టిపడి పగిలిన గొట్టమునుండి వేడి ఇంజనుమీద పెట్రోలు కారుట మైలేజీ సమస్య కాదు, నిప్పు సమస్య.

ఇక తోలువాని కాలు. గాలి ఎదురుదెబ్బ వేగముతోపాటు పెరుగక, వేగపు వర్గముతో పెరుగును. గంటకు 60 కిలోమీటర్లనుండి 90కి పోయినచో రెండుంబావు రెట్లగును. 1978లో ఏర్పడిన పెట్రోలియము పొదుపు పరిశోధన సంఘమువారు 45 – 55 కిలోమీటర్ల వేగమును సిఫారసు చేయుచుందురు. పెబ్బేరు వద్ద జాతీయరహదారి ఎక్కినవారికి అంత నెమ్మది సాధ్యము కాకపోవచ్చును. 60, 70లో ఎడమప్రక్కన పోవుటకు అభ్యంతరముండదు. గేరును త్వరగా పెంచుట, ముందున్న లారీని దూరమునుండియే చూచి కాలు తీయుట, ఇవి అలవాటుగా మారినచో బ్రేకులును మన్నును.

వాలులో గేరు తీసివేయుటను, ఇంజను ఆపివేయుటను గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. శివరాత్రికి మన్ననూరుమీదుగా నల్లమలలో ప్రవేశించి శ్రీశైలము ఆనకట్టకు దిగు ఘాటుబాటలో ఈ పని చేయుట కంటె ఘోరమైన పొదుపు లేదు. ఇంజను ఆగినచో బ్రేకుకు బలమిచ్చు బూస్టరు రెండు మూడు త్రొక్కుళ్లకే శక్తి ఉడుగును. తాళపుచెవి వెనుకకు త్రిప్పినచో స్టీరింగు బిగిసికొనవచ్చును. గేరు లేని బండి భారమంతయు బ్రేకులమీదనే పడి, అవి కాగి, అసలు అవసరమునకు పట్టవు. పోనీ, పెట్రోలైన మిగులునా? సెన్సార్ల బండిలో గేరునందుంచి కాలు తీసినచో ఇంజనుకు పెట్రోలు దానంతట అదే ఆగిపోవును. గేరు తీసినచో ఇంజను ఆగకుండుటకు పెట్రోలు పోయుచుండవలసివచ్చును. ప్రాణమును పణముగా ఒడ్డి చేయు ఈ పొదుపులో పెట్రోలు నష్టమే.

కొల్లాపురము మామిడి బుట్టలు బండి నెత్తిన కట్టి తెచ్చుకొన్నవారు, కాలము తీరిన పిదప ఆ ఇనుప క్యారియరును ఊడదీయింపవలయును. ఖాళీగా ఉన్నను అది గాలిని పట్టును. పెట్రోలు గొట్టమునకు తగిలించు అయస్కాంతములు, ట్యాంకులో వేయు గుళికలు మొదలగువానికి రూకలు పోయరాదు. అమెరికా పర్యావరణ సంస్థ నూరింటికి పైగా ఇట్టి సాధనములను పరిశీలించి, గణనీయముగా మైలేజీ పెంచునది ఒక్కటియు కనబడలేదని తేల్చినది.

బండిని అమ్మవలెనా, ఉంచవలెనా? నెలకు 500 కిలోమీటర్లు తిరుగు ఇంటిలో, 12 ఇచ్చు బండి 15కు వచ్చినచో సంవత్సరమునకు సరిగా నూరు లీటర్లు మిగులును. లీటరు నూరు రూపాయలుగానే లెక్కించినను పదివేలు. బ్రేకులు, ప్లగ్గులు, ట్యూనింగు కలిపి అంతకు లోబడినచో ఆ ఖర్చు ఏడాదిలో తిరిగివచ్చును. అదే ఇల్లు ఈ బండిని విడిచి 22 ఇచ్చు క్రొత్త కారు కొన్నచో అదనముగా మిగులునది ఏడాదికి సుమారు 127 లీటర్లు, అనగా పండ్రెండువేల ఏడువందల రూపాయలు. క్రొత్తకారు అప్పు వాయిదాలకు ఆ సొమ్ము ఒకటి రెండు నెలలకు మించి రాదు. నెలకు రెండువేల కిలోమీటర్లు తిరుగువారి లెక్క వేరు. పదునైదేండ్లు నిండిన బండికి రిజిస్ట్రేషను మరల చేయించు ఖర్చును వారును, వీరును కలుపుకొనవలసినదే. పిస్టన్లు అరిగి పొగగొట్టమునుండి నీలిపొగ విడుచు ఇంజనుకు మాత్రము ట్యూనింగు పనిచేయదు. అట్టి బండికి మొదట కంప్రెషను పరీక్ష చేయించి, ఆ అంకె చూచిన పిమ్మటనే మిగిలిన పనులకు రూకలు తీయవలయును.