నల్లకోటు ఒక్కటే చాలదు

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల లా విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు కూడిన సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన పల్లెలో ఒక బిడ్డ లా కాలేజీలో చేరితే గేరి గేరంతా సంతోషపడుతుంది. పడాల్సిందే. తరతరాలుగా కోర్టు మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడినోళ్ళం మనం. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటోణ్ణి నేను. ఏది ఎందుకు చదవాలో చెప్పే దిక్కు లేకపోవడమంటే ఏందో నాకు తెలుసు. అందుకే ఈ పొద్దు ఒక్క మాటే చెబుతా. లా చదువుతున్నప్పుడే, దాంతోపాటు ఒక విషయంలో ప్రత్యేకంగా సర్టిఫికెట్ కోర్సు చెయ్యండి. ఆ విషయం ఏదో మన పల్లె అవసరం చెప్పాల. కాలేజీ నోటీసు బోర్డు కాదు.

ఎందుకంటే, మనకు చట్టాలు లేక ఓడిపోవడం లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళు ఎనిమిది మందిని చంపినారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు కావాలని పోరాడి సాధించుకున్నాం. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు, నేరం రుజువు కాలేదని అందరినీ వదిలేసింది. ఎంత పోరాటమైనా ఆఖరికి కోర్టులో సాక్ష్యం దగ్గరికే వచ్చి ఆగుతుంది. కాబట్టి సాక్ష్యం సంగతి తెలిసిన వకీళ్ళు మనలో నుంచి రావాల.

ఒక ఉదాహరణ చెబుతా. టీ అంగడి కాడ, నలుగురి ముందర కులం పేరు పెట్టి తిట్టినారు. మన పిల్లోడు సెల్‌లో తీసినాడు. వాట్సాప్‌లో పది మందికి పంపినాడు, సెల్ నిండిపోయిందని అసలు వీడియో చెరిపేసినాడు. కేసు ఏమవుతుంది? 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ చూడండి. ఇట్లాంటి కాపీని కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ జత చెయ్యాల. అందులో రెండు భాగాలు: ఒకటి ఆ సాధనం ఎవరి చేతిలో ఉందో వాళ్ళు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. ఫైలు హ్యాష్ విలువ రాయాల. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. వాట్సాప్‌లో పంపిన వీడియో కుదించుకుపోతే ఆ వేలిముద్ర మారిపోతుంది. అసలు సెల్‌ను భద్రం చెయ్యమని మొదటి రోజే చెప్పే వకీలు ఉంటే కేసు నిలుస్తుంది. సైబర్ చట్టం కోర్సంటే పట్నపోళ్ళ మోజు కాదు, మన గేరికి కావాల్సిన చదువు.

ఇంకా చూడండి. గండికోట రిజర్వాయరు కింద తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊర్లు మునిగినాయి. జమ్మలమడుగు పిల్లలకు 2013 భూసేకరణ చట్టం, 1977 అసైన్డ్ భూముల చట్టం కంఠతా రావాల. పులివెందుల పక్కన తుమ్మలపల్లె యురేనియం వ్యర్థాలతో నీళ్ళు చెడిపోయినాయని రైతులు ఫిర్యాదులు చేసినారు. అక్కడోళ్ళకు పర్యావరణ చట్టం కావాల. ప్రొద్దుటూరు బంగారం, బట్టల అంగళ్ళలో మన పిల్లలు గుమాస్తాలు, కూలీలు. అక్కడోళ్ళకు కార్మిక చట్టం కావాల.

లా చదువుతా ఇంకోటి చదవొచ్చా అని అడుగుతాండారు. బార్ కౌన్సిల్ 2008 రూల్స్‌లో 6వ రూలు చదవండి. లా డిగ్రీతో పాటు ఇంకో రెగ్యులర్ కోర్సు చెయ్యకూడదు. కానీ భాష, కంప్యూటర్ మీద స్వల్పకాలిక పార్ట్‌టైం సర్టిఫికెట్లకు, యూనివర్సిటీ దూరవిద్యా కేంద్రం నడిపే కోర్సులకు మినహాయింపు ఉంది. డిగ్రీ అయి మూడేళ్ళ లా చదివేవాళ్ళకు పీజీ డిప్లొమాలకు అర్హత ఉంటుంది. ఇంటర్ మీద ఐదేళ్ళ లాలో చేరినోళ్ళు ఇంటర్ అర్హతగా ఉన్న సర్టిఫికెట్ కోర్సులే చూసుకోవాల. ఇగ్నో, నల్సార్ లాంటి చోట్ల ఈ ఏడాది ఏమున్నాయో, ఫీజు ఎంతో ప్రాస్పెక్టస్ తెప్పించుకుని చూడండి. రెండు రోజుల క్లాసుకు రంగుల కాగితం అమ్మేవాళ్ళూ ఉన్నారు. కూలి డబ్బులు వాళ్ళ చేతిలో పోయొద్దండి.

ఇంకో మాట. ఈ కాగితం ఉందని జడ్జి మన మాట ఎక్కువ వినడు. అట్రాసిటీ కేసులో ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలంటే వకీలుగా ఏడేళ్ళు పనిచేసి ఉండాల. విలువ కాగితానిది కాదు, దాని కోసం చదివిన చదువుది. ఆ చదువుకు ఇప్పుడే పనుంది. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న 15ఏ సెక్షన్ ప్రకారం బాధితులు సంఘాల, సామాజిక కార్యకర్తల, వకీళ్ళ సాయం తీసుకోవచ్చు. కోర్టులో వాదించేది వకీలే. కానీ సంఘం తరఫున ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చిపెట్టేదానికి, డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేస్తున్నాడా అని చూసేదానికి, బెయిలు విచారణ సంగతి బాధితులకు ముందే తెలిపినారా అని అడిగేదానికి నల్లకోటు రావాల్సిన పనిలేదు.

తల్లిదండ్రులారా, ఖర్చుకు భయపడి బిడ్డను నడిమధ్యలో మాన్పించొద్దు. వకీలుగా నమోదుకు వేలకు వేలు అడిగే రోజులు పోయినాయి. ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయల కంటే ఎక్కువ నమోదు ఫీజు తీసుకోకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఎక్కువ అడిగితే ఆ తీర్పు చూపించండి.

బాబాసాహెబ్ 1916లో లండన్‌లో గ్రేస్ ఇన్‌లో న్యాయశాస్త్రానికి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అర్థశాస్త్రానికి ఒకేసారి చేరినాడు. డబ్బుల్లేక మధ్యలో తిరిగొచ్చినాడు, మళ్ళీ పోయి రెండూ పూర్తి చేసినాడు. ఒట్టి బారిస్టరుగా మిగలలేదు. రూపాయి లెక్క తెలిసిన బారిస్టరు అయినాడు కాబట్టే పెద్దపెద్దోళ్ళ ముందర తలెత్తి మాట్లాడినాడు.

ఈ మూడు తాలూకాల లా పిల్లలంతా కూర్చోండి. ఒకరు భూమి, ఒకరు సైబర్, ఒకరు పర్యావరణం, ఒకరు కూలి చట్టం, పంచుకోండి. అందరూ ఒకటే చదవొద్దు. ఎవరి దగ్గర ఏ విషయం ఉందో రాసి ప్రతి పల్లె సంఘానికీ ఇవ్వండి. రేపు గేరిలో దెబ్బ తగిలిన మనిషి ఎవరి తలుపు తట్టాలో తెలియక తిరగకూడదు.

జై భీమ్!