కొయ్యలో సంధి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంధి యనగానే చదువుకొన్నవారికి వ్యాకరణము స్ఫురించును. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున రెండవ పరిచ్ఛేదము సంధిని గూర్చినదే. అయితే వడ్రంగికిని సంధి కలదు. మయమతము, మానసారము అను సంస్కృత శిల్పగ్రంథములలో కొయ్యకు కొయ్యను కూర్చు విధానమును చెప్పు అధ్యాయమునకు సంధికర్మమనియే పేరు. పండితుడు మాటలు కలుపును, వడ్రంగి చెక్కలు కలుపును. మాటల సంధి చెడినచో చెవికి మాత్రమే బాధ. కొయ్య సంధి చెడినచో బీరువా కూలును, కూలితో పాటు పనివాని పేరును పోవును.

కొయ్య సంధులలో డవ్‌టైలు అనునది మేలైనది. పావురము తోక విప్పినట్లు మొదట సన్నమై చివర వెడల్పైన పళ్ళుండుటచే దానికా పేరు వచ్చినది. ఒక చెక్క కొనయందు తోకలును, రెండవదానియందు వానికి సరిపోవు గూళ్ళును కోయుదురు. బల్ల సొరుగును చూడుడు. దానిని దినమునకు పదిమారులు ముందుపలక పట్టి లాగుదురు. మేకులు కొట్టిన సొరుగైనచో ఆ లాగుడుకు మేకులు వదులై ముందుపలక చేతికి వచ్చును. డవ్‌టైలు సొరుగునందు తోక వెడల్పు గూటి మూతికంటె మిక్కిలి గనుక లాగినకొలది బిగియునే గాని ఊడదు. ప్రాచీన ఈజిప్టు సమాధులలో దొరికిన కొయ్య సామానులందు సైతము ఈ అతుకు కానవచ్చుచున్నది.

దీనిని చేతితో కోయుటకు రంపము, ఉలి, మూలమట్టము, అన్నింటికంటె ఓర్పు కావలెను. మెత్తని కొయ్యకు ఆరింటికి ఒకటి, గట్టి కొయ్యకు ఎనిమిదింటికి ఒకటి చొప్పున వాలు గీయుట వాడుక. ఇప్పుడు ఆ పనికి రౌటరు అను విద్యుద్యంత్రమును, జిగ్గు అను అచ్చును వచ్చినవి. జిగ్గునకు దువ్వెన వంటి పలక యుండును. రౌటరు అడుగున నున్న గైడు బుష్షు అను కట్టు ఆ దువ్వెన పళ్ళ వెంబడి నడచును. క్రింద తిరుగు బిట్టు చెక్కను కోయును. సొరుగులకు వాడు జిగ్గులలో అర అంగుళము వెడల్పు, 14 డిగ్రీల వాలు గల బిట్టు సాధారణము. ఆ వాలు లెక్కకు ఇంచుమించు నాలుగింటికి ఒకటి.

పని క్రమమిది. సొరుగు ప్రక్కపలకను నిలువుగా, లోపలి ముఖము పనివానివైపు ఉండునట్లు బిగింపవలెను. ముందుపలకను దువ్వెన క్రింద అడ్డముగా, లోపలి ముఖము పైకి వచ్చునట్లు ఉంచవలెను. రెండింటికిని నడుమ పన్ను దూరములో సగము ఎడము చూపవలెను. అప్పుడు ఒకే నడకలో తోకలును గూళ్ళును తెగును. మొదట కుడినుండి ఎడమకు పైపైన గీత వలె తేలికగా కోసినచో అంచులు పెచ్చులు లేవవు. ఆ నడకలో బరువుగా కోయరాదు; యంత్రము చేతిని లాగుకొనిపోవును. పిమ్మట ఎడమనుండి కుడికి ప్రతి పంటిలోనికిని పోయి పూర్తిగా కోయవలెను. బిట్టు తిరుగుచుండగా రౌటరును పైకెత్తుట కూడదు. ఎత్తినచో తోకయు, బిట్టు, దువ్వెనయు మూడును చెడును.

ఇంతవరకు యంత్రము పని. ఇక మీదటిది మనిషి పని. అసలు చెక్కను కోయుటకు ముందు అదే మందము గల వ్యర్థపు ముక్కలమీద కోసి చూడవలెను. అతుకు వదులైనచో బిట్టును కొంచెము దింపవలెను. బిగువైనచో కొంచెము ఎత్తవలెను. తోకలు గూటిలో పూర్తిగా దిగక ప్రక్కపలక బయటికి పొడుచుకొని వచ్చినచో దువ్వెనను వెనుకకు జరపవలెను. లెక్కల పుస్తకమున మొదటి పుట కూడిక తప్పినచో ఆ తప్పు కడపటి పుట దాక సాగును. జిగ్గును తప్పుగా అమర్చినచో నాలుగు సొరుగులును ఒకే తప్పుతో వచ్చును. చేతితో చేసిన తప్పు ఒక పంటితో పోవును. యంత్రము తప్పును సైతము మిక్కిలి చక్కగా నకలు తీయును.

కొయ్యను ఎరుగుటయు యంత్రమునకు రాదు. పచ్చి చెక్కను కోసినచో నేడు బిగువైన సంధి ఎండకు వదులగును. తోకలు ఎల్లప్పుడును చెక్క నార పొడవున రావలెను. నారకు అడ్డముగా వచ్చినచో తాకిన మాత్రమున విరుగును. ఇది వ్యాకరణమున నిత్యసంధి వంటిది, వికల్పము లేదు. టేకునందు ఇసుక వంటి పదార్థముండుటచే బిట్టు త్వరగా మొద్దుబారును గనుక కార్బైడు మొన గల బిట్టు మేలు. టేకు పొడి ఊపిరికి హానికరము. ముక్కుకు ముసుగు, కంటికి అద్దములు ఉండవలెను. బిట్టు మార్చునపుడు కరెంటు తీగను ఊడదీయవలెను.

ఈ ముచ్చట గ్రంథాలయ సభలో ఎందులకని కొందరు తలపవచ్చును. మేడ్చల్ నాగపూరు రహదారి మీదను, శామీర్‌పేట కరీంనగరుకు పోవు రాజీవ్ రహదారి మీదను ఉన్నవి. 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు రెండింటిని కలుపుచున్నది. 2016లో మేడ్చల్ పేరిట జిల్లాయే వెలసినది. పూర్వము కళ్ళములో మేర గింజలు కొలిపించుకొని నాగళ్ళు, బండ్లు చేసిన వడ్రంగికి ఇప్పుడు నాగలి పని తరిగినది. పొలములున్న తావుల ఇండ్లు లేచుచున్నవి. ఇండ్లకు తలుపులు, సొరుగులు, అలమారలు కావలెను. ఆ పని ఊరి వడ్రంగికి దక్కునా, మరలతో బిగించిన పొట్టుపలకల సామానుకు పోవునా అనునదే ప్రశ్న.

ఈ జిల్లాలోనే బాలానగరునందు 1968లో నెలకొల్పిన కేంద్ర పరికర రూపకల్పనా సంస్థయందు జిగ్గుల నిర్మాణమును శాస్త్రముగా బోధించుచున్నారు. అవి లోహపు పనికి సంబంధించినవైనను సూత్రమొకటే: ఒకమారు సరిగా కొలిచి, ఆ కొలతను కదలకుండ నిలుపుట. ఒక్కనికి జిగ్గు, రౌటరు బరువైనచో నలుగురు వడ్రంగులు కలిసి కొనవచ్చును. తండ్రి వద్ద నారయు చేవయు గుర్తించుట నేర్చిన కుమారుడు యంత్రమును చేపట్టినచో విద్య నిలుచును. తండ్రి విద్య లేక యంత్రమే చేపట్టినవాడు బిట్టు మొద్దుబారిననాడు పనివాడు కాడు.

కొనువారికిని ధర్మము కలదు. సొమ్ము చెల్లించుటకు ముందు సొరుగును బయటికి లాగి మూల చూడుడు. పళ్ళ నడుమ సందు లేకుండవలెను, అంచులు పెచ్చులు లేవకుండవలెను, సందులను మైనముతోగాని రంపపు పొడితోగాని పూడ్చియుండరాదు. చూచి మెచ్చువాడు లేనిచో చక్కగా కోయువాడును మిగులడు.

ఇరువది యైదేండ్లు పుస్తకములు మోసిన బీరువాలు ఎవరి చేతి పనియో పాఠకులు సాధారణముగా అడుగరు. ఈ రజతోత్సవ దినమున ఆ చేతులకు నమస్కరించి, వారి బిడ్డలకు పనికివచ్చు పుస్తకములను సైతము ఈ అరలలో చేర్చుట సభ్యుల బాధ్యత. శుభమస్తు.