పడవలోని శీతల యంత్రము: రోగ నిదానము

(వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చదివిన ప్రసంగ పాఠము)



పాఠశాల నివేదికను కార్యదర్శిగారు ఇంతకుముందే చదివి వినిపించిరి. దానినే మరల చెప్పి మీ కాలమును హరింపను. ఈ సాయంకాలము నేనెత్తుకొనిన విషయము మీకు విడ్డూరముగా తోచవచ్చును. పడవలలో నమర్చిన ఏసీ యంత్రము చెడినప్పుడు, చెడినది ఎచ్చటనో కనుగొను విధానమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని.

కారణము లేకపోలేదు. మన పిల్లలలో కొందరు పదవ తరగతి పిమ్మట ఐ.టి.ఐ.లో చేరి ఏసీ పని నేర్చుకొనుచున్నారు. "గ్యాసు నింపు పనికి భౌతికశాస్త్ర మెందుకండీ? త్వరగా పనిలో పెట్టించండి" అని తండ్రులొకరు నాతో అనిరి. ఆనాడు నాకు సరియైన సమాధానము తోచలేదు. మన పూర్వ విద్యార్థి యొకడు దానిని గత అక్టోబరు మాసములో నాకు కన్నులకు కట్టినట్లు చూపెను.

మన ముంబాయిలో గేట్‌వే ఆఫ్ ఇండియా ఎదుట లంగరు వేసియుండు విహార నౌకలను మీరందరు చూచియే యుందురు. జూన్ మాసమున వానలు దిగునప్పటికి వానిలో పెక్కింటిని ఒడ్డునకు చేర్చి, వానలు వెనుదీసిన పిమ్మట మరల నీటిలోనికి దింపుదురు. అట్లు దింపిన పడవయొకటి గదిని చల్లబరచుట లేదని కబురు రాగా మన విద్యార్థి పోవుచుండెను. "మాష్టారూ, మీరును రండి, ఆదివారమే గదా" అని నన్ను వెంటబెట్టుకొని పోయెను. చిన్న పడవనుండి పెద్ద పడవలోనికి ఎక్కుట ఈ వయస్సున నాకెంత కష్టమైనదో ఇక్కడ చెప్పుట అనవసరము.

యంత్రము పనిచేయు తీరు ముందు తెలిసికొనవలెను. మన యింటి ఏసీ గదిలోని వేడిని పీల్చి వెలుపలి గాలిలోనికి విడుచును. పడవలో దానిని సముద్రములోనికి విడుచును. పడవ అడుగున నున్న రంధ్రము గుండ నీరు లోనికి వచ్చి, ఒక కవాటమును, పిదప ఒక జాలీని దాటి పంపునకు చేరును. పంపు దానిని ఏసీలోని చుట్టగొట్టమునకు త్రోయును. ఆ గొట్టము ఉప్పునీటికి త్వరగా తినబడకుండ రాగి నికెల్ మిశ్రలోహముతో చేయబడి యుండును. అచ్చట గ్యాసులోని వేడిని గ్రహించిన నీరు పడవ ప్రక్కనుండి ధారగా వెలుపల పడును. ఏసీని "ఒక టన్ను" అని కొలుచుటలో యంత్రము బరువుతో నిమిత్తము లేదు. ఒక అమెరికన్ టన్ను మంచుగడ్డ 24 గంటలలో కరగుటకు కావలసిన వేడిని తొలగించు శక్తికే ఆ పేరు. గంటకు 12,000 బి.టి.యు.లు. మంచు నమ్మిన కాలమునాటి కొలత ఇంకను మనతోనే యున్నది.

మేము పోవునప్పటికి సరంగు "గ్యాస్ ఖతమ్" అని తీర్పు చెప్పియే యుండెను. అంతకుముందు వచ్చిన మెకానిక్కు రెండుమారులు గ్యాసు నింపి డబ్బు తీసికొని పోయెనట. యంత్రము పెట్టిన ఐదారు నిమిషములకే ఆగిపోవుచుండెను.

మనవాడు పనిముట్ల సంచి విప్పనైన లేదు. పడవ అంచునకు పోయి వంగి చూచెను. "మాష్టారూ, నీటి ధార లేదు చూడండి. ధార చూడక గ్యాసు మాట యెత్తరాదు" అనెను. గ్యాసు మూసిన గొట్టములలో తిరుగుచుండునేగాని, కిరసనాయిలువలె ఖర్చయిపోవు వస్తువు కాదు. ఎక్కడనో కారినగాని తగ్గదు. కారినచోట మూయక నింపుట చిల్లికుండలో నీరు పోయుటయే. ఇక్కడ జరిగినది అంతకంటె చెడ్డది. నీరు రానందున గ్యాసు చల్లారక పీడనము పెరిగి, రక్షణ స్విచ్చి యంత్రమును ఆపుచుండెను. అట్టిదానిలో ఇంకను గ్యాసు నింపినచో పీడనము మరింత పెరుగునుగదా!

పంపు చప్పుడు వినవచ్చుచుండెను. అడుగు కవాటము తెరిచియే యున్నది. అతడు ఆ కవాటమును మూసి, పిమ్మట జాలీ మూత విప్పెను. ఈ వరుస తప్పరాదు. కవాటము మూయక జాలీ విప్పినవాడు పడవలోనికి సముద్రమునే ఆహ్వానించినవాడగును. జాలీ శుభ్రముగా నుండెను. మరి నీరేల రాదు? అతడు హోస్ పైపు వెంబడి చేయి వేసి తడవుచు పోయి ఒకచోట ఆగెను. పైపు ఎల్లవేళల క్రిందినుండి పైకి ఎక్కుచు పోవలెనట. ఎవరో దానిని మార్చి, ఒకచోట మూపురమువలె లేపి మరల క్రిందికి దింపిరి. పడవను నీటిలోనికి దింపినప్పుడు ఆ మూపురములో గాలి చిక్కుకొనెను. ఈ పంపులు నీటిని త్రోయగలవుగాని గాలిని త్రోయలేవు. అందుచేతనే వానిని నీటిమట్టమునకు దిగువన అమర్చుదురు. అతడు పంపును ఆపించి, కవాటము తెరచి, పంపు మీది పైపు క్లాంపును వదులుచేయగా గాలి బుస్సుమని పోయి నీరు చిమ్మెను. క్లాంపు బిగించి నడిపించినంతనే వెలుపల ధార పడెను. సరంగు మొగము చూడవలసినదే.

పని అంతటితో ముగియలేదు. యంత్రము ఆగిన పిమ్మట లోపలి పీడనములు సమమగుటకు నాలుగైదు నిమిషములు ఓపిక పట్టవలెను. వెంటనే పెట్టినచో కంప్రెసర్ మూలుగును. అదనముగా నింపిన గ్యాసును అతడు గాలిలోనికి విడువక సిలిండరులోనికి లాగెను. లోనికి పోవు గాలి 31 డిగ్రీలు, వెలువడు గాలి 21. పది డిగ్రీల తేడా యున్నచో యంత్రము ఆరోగ్యముగా నున్నట్లే. ఇంతలో ధార సన్నగిల్లెను. జాలీ మరల విప్పగా బురదయు ప్లాస్టిక్ సంచి ముక్కలును వచ్చెను. మన రేవు నీటి సంగతి మీకు తెలియనిది కాదు. జాలీ శుభ్రముగానుండియు ధార సన్నగా నున్నచో గొట్టములలో చిప్పజీవులు పెరిగినట్లు గుర్తు. పలుచని ఆమ్లమును త్రిప్పి, పిదప మంచినీటితో కడుగుదురట.

వెచ్చచేయుటయు ఈ యంత్రమే చేయును. ఒక కవాటము గ్యాసు త్రోవను తారుమారు చేయగా, సముద్రమునుండి వేడి గదిలోనికి వచ్చును. మనకు దీని అక్కర తక్కువ. యూరపు ఉత్తర తీరములలో నీరు ఐదు డిగ్రీలకు దిగినచో తీసికొనుటకు వేడి అంతగా లేక, గొట్టములో నీరు గడ్డకట్టు ప్రమాదమును కలుగును. అచ్చట డీజిలు మండించు హీటరులనే నమ్ముదురు. వేడికి మీట త్రిప్పినను చల్లగాలియే వచ్చినచో కవాటము పట్టుకొనినదన్నమాట. స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టుచు మీటను అటునిటు రెండుమూడు మారులు మార్చినచో ఒక్కొక్కప్పుడు వదలును.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన మాట. మేము తిరిగి బయలుదేరుచుండగా ఖలాసీ కుర్రవాడొకడు తల పట్టుకొని కూర్చుండెను. పదునెనిమిదేండ్లుండునేమో. రాత్రి జనరేటరు నడచుచుండగా గదిలో పండుకొనెనట. వారము రోజులనుండి ఉదయము లేవగనే తలనొప్పి, వాంతి వచ్చునట్లుండుట. "సముద్రము పడలేదు" అని సరంగు నవ్వెను. మనవాడు నవ్వలేదు. జనరేటరును ఆపించి, కిటికీలన్నియు తెరపించి, కుర్రవానిని పైకి గాలిలోనికి పంపెను. పిమ్మట మరల అంచున వంగి చూచెను. ఏసీ క్రింది తొట్టెలో చేరు నీరు పోవు సన్నపైపు, జనరేటరు పొగగొట్టమునకు జానెడు దూరములో తెరచియుండెను. ఫ్యాను గాలిని పీల్చునప్పుడు ఆ సన్నపైపు గుండ పొగయు లోనికి వచ్చును.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తములోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజనుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. తలనొప్పి, కన్నులు తిరుగుట, వాంతి దాని తొలి లక్షణములు. సముద్రము పడనివానికిని అవియే. అందుచేతనే పడవలలో మోసపోవుదురు. నిద్రలో నున్నవాడు లేవకనే పోవచ్చును.

కుర్రవానిని ఆ సాయంకాలమే ఆసుపత్రికి తీసికొనిపోయిరి. రెండు దినములలో కోలుకొనెను. మనవాడు మరునాడు పోయి ఆ పైపును పొగగొట్టమునకు మూడడుగులకు మించిన దూరమునకు త్రిప్పి, గదిలో కార్బన్ మోనాక్సైడు అలారము పెట్టించెను. దానికి కూలి అడిగితివా అని నేనడుగగా, "హోస్ పైపు ఖరీదు మాత్రము తీసికొంటినండి" అనెను.

ఆ తండ్రిగారు ఈ సభలోనే యున్నారు. వారి కుమారుడు ఇప్పుడు తొమ్మిదవ తరగతి. భౌతికశాస్త్రపు ప్రయోగశాల తాళపుచెవి ప్రతి శనివారము మధ్యాహ్నము నాయొద్దనే యుండును. వారిద్దరు ఎప్పుడు వచ్చినను తలుపు తీసెదను.