ఊపిరితిత్తులలో అడ్డదారి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను వైద్యుణ్ణి కాను, ఫైళ్ల మధ్య జీవితం గడిపిన గుమాస్తాను. మా తమ్ముడికి వచ్చిన జబ్బు గురించి డాక్టర్లు చెప్పగా తెలుసుకున్నది మనవి చేస్తాను.

గుండె కుడివైపు నుండి చెడు రక్తం ఊపిరితిత్తులకు వెళ్లి, వెంట్రుక కన్నా సన్నని కేశనాళికలలో ప్రాణవాయువు అందుకుని ఎడమవైపుకు వస్తుంది. ఆ నాళికలు జల్లెడ వంటివి. చిన్న రక్తపు గడ్డలను, క్రిములను అక్కడే ఆపుతాయి. కొందరిలో ఈ జల్లెడ లేకుండా ధమని నేరుగా సిరలో కలిసిపోతుంది. సెక్షనులో పరిశీలన లేకుండానే ఫైలు సంతకానికి పోయినట్లన్నమాట! గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం, క్రిమి చేరితే చీముగడ్డ.

1897లో చర్టన్ అనే వైద్యుడు దీనిని వర్ణించాడు. ఎక్కువమందికి ఇది వంశపారంపర్యమైన ఆస్లర్-వెబర్-రాండూ వ్యాధి వల్ల వస్తుంది. తరచు ముక్కు వెంట రక్తం, పెదవుల మీద, నాలుక మీద ఎర్రని చుక్కలు దాని గుర్తులు.

మా తమ్ముడికి చిన్ననాటి నుండి ముక్కు కారేది. వేడి చేసిందని మజ్జిగ పోసేవారు. ఆయాసానికి ఒకచోట ఉబ్బసమని మందులిచ్చారు. 2016లో పన్ను తీయించుకున్న కొన్ని వారాలకు తలనొప్పి, జ్వరం వచ్చి ఎడమచేయి పట్టు తప్పింది. మెదడులో చీముగడ్డ! ఆపరేషనయ్యాక, ఛాతీ సి.టి. స్కానులో అసలు కారణం బయటపడింది. తొడ దగ్గరి సిర గుండా సన్నని గొట్టం పంపి, లోహపు చుట్టలతో ఆ అడ్డదారి మూసివేశారు. ఛాతీ కోయలేదు.

ఇది పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. ఆడపిల్లకు సంబంధాలు తప్పిపోతాయని మా మరదలు పరీక్షలు వద్దంది. గర్భవతికి ఊపిరితిత్తులలో రక్తస్రావమై ప్రాణం మీదికి రావచ్చని డాక్టరుగారు చెప్పాక ఒప్పుకుంది. నరంలోకి బుడగల సెలైను ఎక్కించి గుండెను ఎకోలో చూశారు. మామూలుగా ఊపిరితిత్తులలో ఆగవలసిన బుడగలు ఎడమవైపు కనిపించాయి. ఆమెకూ చికిత్స చేయించి, పెళ్లివారికి అంతా చెప్పే పెళ్లి చేశాం. వాళ్లు కాదనలేదు.

కాబట్టి మిత్రులారా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ముక్కు నుండి రక్తం కారుతుంటే తేలికగా తీసుకోకండి. లేచి నిలబడితే ఆయాసం పెరిగి, పడుకుంటే తగ్గుతుంటే డాక్టరుకు చెప్పండి. ఈ జబ్బున్నవారు పన్ను తీయించుకునే ముందు యాంటీబయాటిక్ గురించి అడగాలి. సెలైను ఎక్కించేటప్పుడు గాలి బుడగ పోకుండా చూడమనాలి. వంశంలో జబ్బును దాచితే పోదు, చెబితే పిల్లలు బతుకుతారు.