తుపాకి పేరు - కత్తి పుట్టుక

(విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో డి.ఏ. బకాయిల గురించి విన్నాము. అంతకు ముందు మోకాళ్ల నొప్పుల గురించి డాక్టరు గారు చెప్పారు. ఈసారి కార్యదర్శి గారు నన్ను పట్టుకొని, "మీకు తెలిసిన విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. నాకు తెలిసింది ఇనుము ఒక్కటే. ఉద్యోగమంతా ఐ.టి.ఐ.లో ఫిట్టరు పిల్లలకు ఆకురాయి పట్టడం నేర్పిన వాణ్ణి. కాబట్టి మన ఇండ్లలోకి కొత్తగా వస్తున్న ఒక వస్తువు గురించి చెబుతాను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, మన మూడు ఊళ్లలోనూ గల్ఫులో మనిషి లేని వాడకట్టు లేదు. ఇదివరకు పిల్లలు సెలవు మీద వస్తే టార్చిలైటు, దుప్పటి, సెంటు సీసా, ఖర్జూరం తెచ్చేవారు. ఇప్పుడు మడత కత్తులు, మల్టీ టూళ్లు కూడా తెస్తున్నారు. మల్టీ టూల్ అంటే పటకారు, కత్తి, స్క్రూడ్రైవరు, డబ్బా మూత తీసేది, అన్నీ ఒక పిడిలో మడిచి పెట్టిన పనిముట్టు. చాలావాటి మీద పేరుమోసిన తుపాకుల కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది.

మా అన్న కొడుకు దుబాయి నుండి నాకొక మడత కత్తి తెచ్చాడు. "కాకా, ఇది తుపాకులు చేసెటోళ్లది. నీ జిందగీల ఇరుగది" అని చేతిలో పెట్టాడు. దానికి వాడు రెండు రోజుల కూలి పెట్టాడని తర్వాత తెలిసింది. మూడు నెలలు బాగానే ఉంది. ఒకరోజు మామిడికాయల గంపకు కట్టిన నైలాను తాడు కోస్తుండగా, తెరిచిన బ్లేడును ఆపి ఉంచే తాళం జారింది. బ్లేడు మడతపడి నా చూపుడు వేలు మీదికి వచ్చింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ కంపెనీ పేరు ఇక్కడ చెప్పను. ఇప్పుడు నేను పేర్లు చెప్పబోయే కంపెనీలలో అది లేదు.

కట్టు విప్పిన రోజు భూతద్దం పెట్టి కత్తిని తిరగేసి చూశాను. ఒక పక్క తుపాకుల కంపెనీ పేరు, గుర్తు ఉన్నాయి. రెండో పక్క, పిడి దగ్గర, చీమ తలంత అక్షరాలలో "చైనాలో తయారైనది" అని ఉంది. "ఇది నకిలీ సరుకు" అన్నారు మా ఇంట్లో వాళ్లు. నేనూ మొదట అట్లాగే అనుకున్నాను. కాని విచారిస్తే తెలిసింది, ఇటువంటివి చాలావరకు నకిలీవి కావు. పేరుగల కంపెనీ తన పేరును వాడుకోవడానికి మరొక కంపెనీకి అనుమతి ఇచ్చి రుసుము తీసుకుంటుంది. ఆ రెండో కంపెనీ మూడో దేశంలో సరుకు చేయిస్తుంది. తుపాకులు పోసిన కార్ఖానాకూ ఆ కత్తికీ మధ్య సంబంధం ఆ కాగితం ఒక్కటే.

స్మిత్ అండ్ వెసన్ సంగతి చూడండి. 1852 నాటి పిస్తోళ్ల కంపెనీ. ఆ పేరుతో మడత కత్తులు చాలా ఏళ్లపాటు అమ్మింది అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని టేలర్ అనే వేరే కంపెనీ. సరుకు ఎక్కువగా చైనాలో చేయించేది. 2016లో ఆ టేలర్ వ్యాపారాన్ని స్మిత్ అండ్ వెసన్ వారే కొన్నారు. 2020లో మళ్లీ ఆ విభాగాన్ని విడదీసి అమెరికన్ అవుట్‌డోర్ బ్రాండ్స్ అనే వేరు కంపెనీగా చేశారు. కత్తి మీద పేరు మాత్రం అదే. చేతులు ఎన్ని మారినా కొనేవాడికి తెలియదు.

అన్ని కాలాలలో ఇట్లాగే లేదు. రెమింగ్టన్ 1816లో మొదలైన తుపాకుల కంపెనీ. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఆర్డర్లు తగ్గాక, ఖాళీ పడిన యంత్రాలకు పని కల్పించడానికి 1920లో బ్రిడ్జిపోర్టులోని తన కార్ఖానాలోనే జేబు కత్తులు చేయడం మొదలుపెట్టింది. 1940లో ఆ విభాగాన్ని అమ్మేసింది. ఆ ఇరవై ఏళ్ల కత్తులను సేకరించేవారు ఈనాటికీ మంచి ధర పెట్టి కొంటారు. ఇక సిగ్ సావర్ అనే తుపాకుల కంపెనీ పేరుతో వచ్చిన కత్తులు కొన్నింటిని హోగ్ అనే కత్తుల కంపెనీ అమెరికాలోనే చేసింది. కాబట్టి తుపాకి పేరున్నంత మాత్రాన కత్తి మంచిదీ కాదు, చెడ్డదీ కాదు.

ఇందులో మనకు కొత్త ఏమీ లేదు. మనలో బి.ఎస్.ఏ. సైకిలు తొక్కని వారెందరు? బి.ఎస్.ఏ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకులు చేసేవాళ్లు కలిసి పెట్టుకున్న కంపెనీ. దాని గుర్తు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు. 1957లో తన సైకిళ్ల వ్యాపారాన్ని రాలీ వారికి అమ్మేసింది. మన దేశంలో ఆ పేరుతో సైకిళ్లు చేసింది మద్రాసు దగ్గరి టి.ఐ. సైకిల్స్ వారు. తుపాకి గుర్తు బర్మింగ్‌హామ్‌ది, సైకిలు మద్రాసుది. అయినా మనం వాటిని ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు తొక్కాము. ఎందుకంటే చేసేవాళ్లు మన దేశంలోనే ఉన్నారు, విడిభాగం జగిత్యాలలో దొరికేది, రిపేరు చేసే మనిషి బస్టాండు పక్కనే ఉండేవాడు. చైనా సరుకంటే అంతా చెడ్డదనడం కూడా తప్పు. కొనే కంపెనీ ఎంత ధర పెట్టి ఎంత నాణ్యం అడిగితే అక్కడి కార్ఖానా అంత నాణ్యం ఇస్తుంది.

కుట్లు పడిన నెలకు మావాడు ఫోను చేశాడు. "కాకా, కత్తి మంచిగున్నదా?" అన్నాడు. మంచిగున్నదనే చెప్పాను. పిల్లవాడి మనసు నొప్పించడం ఎందుకని. అప్పుడు వాడు, "మా రూములోళ్లు నలుగురు అసొంటియే కొంటున్నరు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు నేనే ఫోను చేసి జరిగింది చెప్పాను. కొంచెంసేపు వాడు మాట్లాడలేదు. తర్వాత, "మరి చూసి కొనుడు ఎట్లనో చెప్పు కాకా" అన్నాడు. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను.

ఒకటి, ముందు పక్క చదవవద్దు, వెనుక పక్క చదవండి. ఏ దేశంలో తయారైందో అక్కడ ఉంటుంది. ఈ అలవాటుకు కూడా కత్తులే ఒక కారణం. జర్మనీలోని జోలింగెన్ సరుకు మీద షెఫీల్డు పేరు వేసి అమ్ముతున్నారని ఇంగ్లండులోని షెఫీల్డు పనివాళ్లు మొరపెట్టుకున్నాక, 1887లో బ్రిటన్ చట్టం చేసి బ్రిటిష్ పేరు వేసిన విదేశీ సరుకు మీద తయారైన దేశం పేరు తప్పనిసరి చేసింది.

రెండు, ఉక్కు పేరు చూడండి. ఉత్త "స్టెయిన్‌లెస్" అని ఉంటే ఏమీ చెప్పనట్టే. "440" అని ఉంటే పక్కన అక్షరం ఉందా చూడాలి. 440 సి అంటే కర్బనం సుమారు ఒక శాతం, పదును చాలా రోజులు నిలుస్తుంది. 440 ఎ లో కర్బనం 0.6 నుండి 0.75 శాతమే. తుప్పు అంత సులువుగా పట్టదు గాని పదును త్వరగా పోతుంది. అయితే ఉక్కు ఎంత మంచిదైనా కాచి చల్లార్చడం సరిగా జరగకపోతే వృథా. అది పేరులో కనబడదు, కోసి చూస్తేనే తెలుస్తుంది.

మూడు, తాళం. బ్లేడు పూర్తిగా తెరిచినప్పుడు లోపలి రేకు బ్లేడు మొదలుకు నిండుగా ఆనాలి. అంచున మాత్రం ఆనితే ఆ కత్తి వద్దు. పిడి పట్టుకొని, వేళ్లు దారికి అడ్డం రాకుండా, బ్లేడు వీపును చెక్క మీద మెల్లగా తట్టండి. ఏమాత్రం కదిలినా దుకాణంలోనే వదిలేయండి. ఈ పరీక్ష నేను ముందే చేసి ఉంటే నా వేలు బాగుండేది.

నాలుగు, మల్టీ టూల్ అయితే పటకారు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టండి. కొసల దగ్గర సందు కనిపిస్తే సన్నటి తీగ పట్టదు. ఇంకొక మాట, ఊరికి తెచ్చేటప్పుడు చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. పెద్ద లగేజీలోనే వేయాలి.

మిత్రులారా, పేరొక చోటిది, పని ఒక చోటిది అయిన కత్తుల కథలో మన ప్రాంతం కూడా ఉంది. కోరుట్ల నుండి మెట్‌పల్లి దాటి కమ్మర్‌పల్లి వైపు పోతే కోనసముద్రం అనే ఊరు వస్తుంది. 1820ల నాటికి సర్వే శాఖలో పనిచేసిన వాయిసీ అనే వైద్యుడు అక్కడ మూసలలో ఉక్కు కరిగించడం చూసి రాసి పెట్టాడు. ఆ వ్యాసం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుండి వర్తకులు ఆ ఊరి దాకా వచ్చి ఉక్కు కొనుక్కుపోయేవారని అందులో ఉంది. దక్షిణాదిలో, సింహళంలో చేసిన ఇటువంటి ఉక్కుతో పడమటి దేశాలలో కొట్టిన కత్తులకు డమాస్కస్ కత్తులని లోకమంతా పేరు వచ్చింది. ఇంగ్లీషువారు "ఊట్జ్" అన్నది మన "ఉక్కు" మాటనే అంటారు. ఉత్తర తెలంగాణలోని ఆ పాత కొలుముల జాడలను 2010లో ఇంగ్లండు, మన దేశపు పరిశోధకులు కలిసి ఊరూరా తిరిగి నమోదు చేశారు. ఇస్ఫహాన్ వర్తకుడు మాత్రం పేరు విని ఊరుకోలేదు. నెలల ప్రయాణం చేసి, కొలిమి దగ్గర నిలబడి, కరిగించే మనిషిని చూసి కొన్నాడు.

ఆ తెలివి మనవాళ్లలో ఇంకా ఉంది. కోరుట్లలో బీడీలు చేసే అక్కచెల్లెండ్లు కత్తెరను తునికాకు మీద పెట్టి చూసి కొంటారు. మా ఊళ్లో తాడెక్కే గౌడన్న గీత కత్తి మీద ఏ పేరూ లేదు. వాదర మొండిపడితే పొద్దుగూకేలోపల కమ్మరి కొలిమి ముందు కూర్చుంటాడు.

మీ పిల్లలు కత్తి తెస్తే వద్దనకండి. ప్రేమతో తెచ్చింది. కాని బాగా లేకపోతే బాగా లేదని చెప్పండి. నాలాగా ఒక రోజు ఆలస్యం చేయకండి. మావాడి రూములో ఆ నలుగురిలో ఇద్దరు అప్పటికే కొనేశారు.