పటాలం పేరు మనది, భుజం మీది నక్షత్రాలెవరివి?

(వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జనరల్ కె.వి. కృష్ణారావు పేరు మనలో పెద్దవాళ్ళు వినే వుంటారు. తెలుగువాడు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో 8వ మౌంటెన్ డివిజన్‌ని సిల్హెట్ వైపు నడిపాడు. 1981 నుంచి 1983 దాకా దేశ సైన్యానికి అధిపతి. తర్వాత ఈశాన్య రాష్ట్రాలకీ, కాశ్మీరుకీ గవర్నరు. 2016లో పోయాడు. గొప్ప బతుకే, కాదనం. మరి మన సభలో ఆయన ఊసెందుకు? 1942లో ఆయన ఆఫీసరుగా చేరింది మహార్ రెజిమెంటులో. అందుకు.

ఆ రెజిమెంటు ఉత్తినే రాలేదు. మహార్లంటే మహారాష్ట్రలో మన మాలమాదిగల్లాగే వెలివాడ జనం. కంపెనీ కాలం నుంచీ బొంబాయి సైన్యంలో తుపాకులు మోశారు. 1818 జనవరి 1న కోరేగాం దగ్గర పీష్వా సైన్యానికి ఎదురు నిలిచారు. బాబాసాహెబ్ నాయన రాంజీ సక్పాల్ సుబేదారుగా చేశాడు. ఆ సుబేదారీ వరుసే మనవాళ్ళకి ఆఖరి మెట్టు. నిన్నగాక మొన్నొచ్చిన తెల్ల కుర్రాడికి తల నెరిసిన సుబేదారు సలాం కొట్టాల్సిందే.

ఆ మెట్టు కూడా వుంచలేదు. మీరు యుద్ధ జాతి కాదు పొమ్మని 1892 ప్రాంతంలో భర్తీయే ఆపేశారు. కోరేగాంలో చచ్చినప్పుడు ఏ జాతో మరి! 1910లో శివరాం జనబా కాంబ్లే వాళ్ళు లండను మంత్రికి అర్జీ పెట్టారు. ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో మహార్ పటాలం కట్టారు, 1921లో రద్దు చేశారు. పనికి పిలిచి, పని కాగానే గెంటడం మనం కళ్ళాల దగ్గర చూసిందే. 1941లో వైస్రాయి రక్షణ సలహా సంఘంలో కూర్చున్న అంబేద్కర్ పట్టుబట్టారు. ఆ అక్టోబరులో బెల్గాంలో మహార్ రెజిమెంటు పుట్టింది. మరుసటేడే కృష్ణారావు అందులో ఆఫీసరు.

ఇప్పుడది అన్ని కులాల పటాలం. అందులోంచి ఇద్దరు సైన్యాధిపతులయ్యారు. ఒకరు కృష్ణారావు, ఇంకొకరు 1986లో సుందర్జీ. ఇద్దరూ మహార్లు కారు. వాళ్ళని తిట్టడానికి చెప్పడం లేదు, దారి ఎక్కడ చీలిందో చూడమంటున్నాం. సిపాయి పరుగు తీసి, ఛాతీ కొలిపించుకుని చేరతాడు. ఆఫీసరు ఇంటరయ్యాక ఎన్.డి.ఏ. పరీక్షో, డిగ్రీ అయ్యాక సి.డి.ఎస్. పరీక్షో రాసి, ఐదు రోజుల ఇంటర్వ్యూ నెగ్గి చేరతాడు. రెంటిలోనూ మనకి రిజర్వేషన్ లేదు. పైగా 2022లో అగ్నిపథ్ తెచ్చారు. సిపాయికి నాలుగేళ్ళే కొలువు, ఆ తర్వాత నూటికి పాతికమందిని మించి వుంచరు. ఆఫీసరుకి ఆ నాలుగేళ్ళ గడువు లేదు.

మన పిల్లలు తెల్లారకముందే లేచి రోడ్ల మీద పరుగెడుతున్నారు. పరుగెట్టనీయండి. అయితే సైనిక్ స్కూళ్ళలో షెడ్యూల్డ్ కులాలకు 15 శాతం సీట్లున్నాయి, ఈ సంగతి వాడల్లో ఎందరికి తెలుసు? విజయనగరం జిల్లా కోరుకొండలో 1962 నుంచీ ఒక స్కూలుంది, కలికిరిలో మరొకటి. ఆరో తరగతిలో చేరాలంటే ఐదులో వుండగానే పరీక్ష రాయాలి. ఏ వాడలో ఐదో తరగతి పిల్లలు ఎందరున్నారో వచ్చే సమావేశానికి పేర్లు రాసుకురండి. ఆడపిల్లల పేర్లు కూడా. ఇప్పుడు వాళ్ళనీ చేర్చుకుంటున్నారు.