కాలము బయటపెట్టిన గుట్టు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పద్దులు వ్రాసికొని బ్రదుకు నన్ను ఈ సభలో మాటాడుమనగానే, భారతమునుండి ఏదేని చెప్పుదునని మీరు తలచియుందురు. భారతముతోనే ఆరంభించెదను గాని, అచ్చటనుండి మాదాపురము వైపు పోయెదను. చందానగరమునుండి అది ఎంత దూరమో మన పిల్లలు నిత్యము పోవు రైలే చెప్పును.

అరణ్యపర్వమందలి నలోపాఖ్యానము మీరెరిగినదే. కర్కోటకుని కాటుచే నలుని రూపము మారెను. బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున చేరి, తన గుట్టు నోటివెంట రానీయక దినములు గడపెను. దమయంతికి మరల స్వయంవరమని విని, ఋతుపర్ణుడు ఒక్క దినమున నూరు యోజనములు పోవలెనన్నాడు. బాహుకుడు రథము తోలినాడు. పూర్వము నలునకు సారథియైన వార్ష్ణేయుడు ఆ రథముననే కూర్చుండి, ఆ వేగమును చూచి, వీడు మాతలియో, శాలిహోత్రుడో, కాక నలుడేనో యని తర్కించెను. రూపము దాగినది, పేరు దాగినది. పనికి పట్టిన కాలము మాత్రము దాగలేదు.

నేటి కంప్యూటరుల గూఢలిపికిని ఇదే చిక్కు వచ్చినది. ఎట్లనగా, నాలుగంకెల రహస్యసంఖ్య యొకటి యంత్రములో నున్నదనుకొనుడు. మనమిచ్చిన సంఖ్యను యంత్రము ఎడమనుండి అంకె తరువాత అంకెగా పోల్చును. మొదటిదే తప్పయినచో అచ్చటనే ఆగి ‘కాదు’ అనును. మొదటిది సరిపోయినచో రెండవదానికి పోవును గనుక, ఆ ‘కాదు’ రవ్వంత ఆలస్యముగా వచ్చును. సూక్ష్మమైన గడియారము గల దొంగ మొదటి స్థానమున సున్న మొదలు తొమ్మిది వరకు వేసి చూచి, ఏది ఆలస్యమయ్యెనో దానిని పట్టుకొనును. ఆపైన రెండవ స్థానము. ఊరక ఊహించువానికి 10,000 సంఖ్యలు వెదకవలసియుండగా, వీనికి 40 చాలును. ఆరంకెలైనచో అచ్చట పది లక్షలు, ఇచ్చట 60! పద్దులవాడను గనుక ఈ లెక్క చూచినప్పుడు నాకు నిజముగా వణకు పుట్టినది. కాలపు కొలతలో తడబాటు ఉండును గనుక, ఒక్కొక్కదానిని వేలమారులు వేసి సగటు తీయవలెను. అయినను యంత్రమునకు యంత్రము ప్రశ్నలు వేయునప్పుడు వేలు ఒక లెక్కయా? మీ ఫోనులోని బ్యాంకు అంకెలకై ఈ రాత్రి నిద్ర మానవలదు. అచ్చట కొన్ని తప్పులు కాగానే ద్వారము మూతపడును. అట్టి మూత లేని చోటులే భయస్థానములు.

దీనికి మందు సులభము. మంచి ఆడిటరు మొదటి తప్పుడు వోచరు కనబడగానే కట్ట మూసి లేచిపోడు. చివరి కాగితము వరకు చూచి, అప్పుడే నోరు విప్పును. యంత్రమును అట్లే అన్ని అంకెలను పోల్చి, చివర ఒక్కమాట చెప్పవలెను. (ఇందులోను ఒక తంటా కలదు. ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు కంపైలరు అతితెలివి గల గుమాస్తా వంటిది. ‘ఇంత వృథా పని ఏల’ యని మరల అడ్డదారి తొక్కించవచ్చును.)

ఈ సంగతిని పెద్ద తాళములకు అన్వయించి 1996లో పాల్ కోచర్ అను అమెరికా దేశీయుడు ప్రకటించెను. ఆర్.ఎస్.ఎ. మొదలగు పద్ధతులలో రహస్యసంఖ్యయందలి ఒక్కొక్క బిట్టును బట్టి గుణకారములు ఎక్కువ తక్కువలగును. కాలమును కొలిచినచో బిట్టులు తెలియునని చూపెను. ఆ 1996లోనే మన మాసబ్ ట్యాంకున రిజర్వు బ్యాంకువారు ఐ.డి.ఆర్.బి.టి. యను పరిశోధన సంస్థను స్థాపించిరి. బ్యాంకులవారి డిజిటల్ సంతకములకు ధ్రువపత్రములిచ్చు అధికారము తరువాత దానికి లభించినది. 2000వ సంవత్సరపు చట్టముతో అట్టి సంతకమునకు చెల్లుబాటు కలిగెను. అనగా, రహస్యసంఖ్య జారినచో పోవునది ఒక మాట కాదు, చేవ్రాలే. నా వంటివాడు పత్రముపై నమ్మునది చేవ్రాలునే గదా!

దూరమునుండి తంతిమార్గమున ఇంత సూక్ష్మకాలము కొలుచుట అసాధ్యమని చాలమంది ధైర్యముగా నుండిరి. 2003లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందు డేవిడ్ బ్రమ్లీ, డాన్ బోనే అనువారు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను విరివిగా వాడు సాఫ్ట్‌వేరుపై, స్థానిక నెట్‌వర్కునందు సుమారు పది లక్షల ప్రశ్నలతో, రెండు గంటలలో, 1024 బిట్టుల తాళమును లాగి చూపిరి. విరుగుడు అందులో ముందే ఉన్నది! లెక్కకు ముందు యాదృచ్ఛిక సంఖ్యతో గుణించి, చివర దాని ప్రభావమును తీసివేయుట. కాని దానిని వాడుకలో నుంచలేదు. ఈ దాడి బయటపడిన పిమ్మట గాని దానిని అందరికిని విధిగా పెట్టలేదు. తెలియక చెడుట వేరు, తెలిసి ‘ఇంత దూరము ఎవడు వచ్చును’ అనుకొనుట వేరు.

పాత కథయని తీసివేయకుడు. రానున్న క్వాంటం యంత్రములకు లొంగదని చెప్పబడు కైబరు పద్ధతిలోను 2023లో ఈ లోపమే బయటపడినది. కొన్ని ప్రోగ్రాములలో రహస్యమునకు సంబంధించిన సంఖ్యను 3329 చేత భాగించుచుండిరి. కొన్ని యంత్రములలో భాగహారమునకు పట్టు కాలము భాజ్యమును బట్టి మారును. భాగహారము తీసివేసి గుణకారముతో సరిపెట్టిరి. ఎక్కములు వచ్చినవారికి ఈ తేడా వేరుగ చెప్పనక్కరలేదు.

వీనియందన్నిటను జవాబులు సరిగానే యున్నవి. పద్దు కూడినది, నిలువ సరిపోయినది. జవాబు చూచి మాత్రమే పరీక్షించువానికి ఈ లోపము ఎన్నటికిని కానరాదు. అందుచేత మాదాపురము, గచ్చిబౌలిలలో ఈ పని చేయు మన గ్రంథాలయ సభ్యులను ఒకటి కోరుచున్నాను. మీ ప్రోగ్రాములలో రహస్యమును పోల్చు పంక్తి ఎచ్చటనున్నదో, అది మధ్యలో ఆగునో, చివరిదాక పోవునో చూచిరండు. కార్యాలయపు గుట్టు చెప్పనక్కరలేదు. ఆగునా, ఆగదా యన్నది మాత్రమే చాలును. ఆదివారము సాయంకాలము నేను పద్దుపుస్తకము మూసి ఇచ్చటనే, వార్తాపత్రికల బల్ల దగ్గర కూర్చుండియుందును.